అందరికీ డబ్బులిచ్చాం, నటులకు తప్ప

ఈసారి ఉత్తరం రాసింది పీజీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. పేరు, యూనివర్సిటీ, ఊరు ఏవీ వేయొద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి చెప్తాను.

ఆమె యూనివర్సిటీ సాంస్కృతిక కమిటీకి కన్వీనర్. నెలకొక కార్యక్రమం పెట్టాలి. ఒక నెల కచేరీ, ఒక నెల నాటకం, ఇంకో నెల డాన్స్. క్యాంపస్ ఆడిటోరియంలో 300 సీట్లున్నాయి. బాధ్యత తీసుకోగానే ఆమె రెండు మార్పులు చేశారు. టికెట్ ఎత్తేసి అన్నీ ఉచితం చేశారు. విద్యార్థులతో పాటు చుట్టుపక్కల కాలనీల వాళ్లు కూడా రావచ్చని ప్రకటించారు. మొదటి రెండు నెలలూ అందరూ మెచ్చుకున్నారు.

పోయిన నెల నాటకం పెట్టారు. దర్శకత్వం ఆమె హాస్టల్ రూమ్మేట్‌ది. పదకొండు మంది నటులు, రెండు నెలల రిహార్సల్స్, అవి కూడా రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ డాబా మీద. ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోమంటే రెండు రోజుల్లో 286 పేర్లు వచ్చాయి. హౌస్‌ఫుల్ అని ఈమె రూమ్మేట్‌ని పట్టుకుని గంతులేశారు. తీరా ఆ సాయంత్రం వచ్చింది తొంభై మంది. అందులో ఇరవై మంది వాలంటీర్లే. నాటకం అయ్యాక లైట్లు వేస్తే నటులు వరసగా నిలబడి ఖాళీ కుర్చీలకు దండం పెట్టాల్సి వచ్చింది. రూమ్మేట్ ఒక్క మాటే అన్నారట: "సీట్లు నిండాయన్నావుగా." మూడు వారాలుగా ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు, మాటల్లేవు.

అదే సాయంత్రం బయటి నుంచి వచ్చిన కొందరిని గేటు దగ్గర సెక్యూరిటీ ఐడీ కార్డు అడిగి వెనక్కి పంపేశాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు కమిటీ రెండు ముక్కలైంది. ఇన్‌చార్జ్ ప్రొఫెసర్ "ఉచితమంటే విలువుండదు, టికెట్ పెట్టండి" అంటున్నారు. సగం మంది సభ్యులు టికెట్ పెడితే హాస్టల్ వాళ్లెవరూ రారంటున్నారు. ఒకతను "ఈ గొడవంతా ఎందుకు, ప్రొజెక్టర్ పెట్టి సినిమాలు వేసేద్దాం, ఖర్చుండదు" అంటున్నాడు. ప్రతి కార్యక్రమానికీ మనవరాలిని తీసుకుని వచ్చే ఒక రిటైర్డ్ టీచరుగారు టికెట్ మాట విని, "అయితే నేను రాలేనమ్మా. డబ్బు లేక కాదు, ఆ ఫోన్‌లో కొనడాలవీ నాకు రావు" అన్నారట.

ఉత్తరంలో మధ్యలో ఎక్కడో, కొట్టేసి మళ్లీ రాసిన నాలుగు లైన్లున్నాయి. "ఫస్టియర్‌లో మా బ్యాచ్ అంతా ఒక కచేరీకి టికెట్లు కొన్నారు. నా దగ్గర డబ్బుల్లేవు. తలనొప్పిగా ఉందని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నాలాగా ఇంకెవరూ తలనొప్పి అని చెప్పకూడదనే అన్నీ ఉచితం చేశాను. ఇప్పుడు టికెట్ పెడితే నన్ను నేనే గేటు బయట నిలబెట్టినట్టు ఉంటుంది. పెట్టకపోతే నా స్నేహితురాలి లాంటి వాళ్లు ఖాళీ హాల్లో ఆడాలి. రాజీనామా చేసేద్దామనిపిస్తోంది. ఏం చేయను?"

చివరి పేజీలో ఆ నాటకానికి అయిన ఖర్చుల పట్టీ జతచేశారు.

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ చివరి పేజీ. సౌండ్ సిస్టమ్, లైటింగ్ ఆపరేటర్, బ్యానర్, పోస్టర్ల ప్రింటింగ్, వీడియో తీసినతను, హాలు శుభ్రం చేసినవాళ్లు, టీ. అన్నిటి పక్కనా అంకెలున్నాయి. ఆఖరి లైనులో "నటీనటులు, దర్శకురాలు" అని ఉంది. దాని పక్కన అంకె లేదు, "సర్టిఫికెట్లు" అని ఉంది. ఆ సర్టిఫికెట్లు ప్రింట్ చేసినతనికి కూడా మీరు డబ్బులిచ్చారు, పై లైనులోనే ఉంది.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కళాకార్యక్రమాల లెక్కలు ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఉచితం అన్నప్పుడు ఖర్చు మాయమైపోదు, ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. మీ హాల్లో అది పదకొండు మంది నటుల మీద, మీ రూమ్మేట్ మీద పడింది. వాళ్లు రెండు నెలల రాత్రుళ్లు పెట్టి మీ ప్రేక్షకులకు టికెట్లు కొనిపెట్టారన్నమాట. అలా కొనిపెట్టిన టికెట్లలో రెండొందలు ఎవరూ వాడుకోలేదు. ఆమె అన్న ఆ ఒక్క మాట నాకు ఇలాగే వినిపించింది.

కాబట్టి "ఉచితమా, టికెట్టా" అన్న మీ ప్రశ్నను కొంచెం పక్కకు జరిపి, "ఎవరు భరిస్తున్నారు?" అని అడిగి చూడండి. మీకు ఒకే ముడిలా కనిపిస్తున్నది విప్పితే నాలుగు వేరు వేరు దారాలు. ఖాళీ కుర్చీలు, నటుల శ్రమ, గేటు, మీ తలనొప్పి. వీటిలో టికెట్‌తో నేరుగా సంబంధమున్నవి రెండే.

ముందు ఖాళీ కుర్చీలు. వీటి గురించి ఎక్కువ బాధపడకండి. డబ్బు కట్టకుండా ఫోన్‌లో పేరు నమోదు చేసుకోవడమంటే మాట ఇవ్వడం కాదు, "చూద్దాంలే" అనుకోవడం. నేనే ఒకసారి ఎంతో ఇష్టపడి ఉచిత పాసు సంపాదించుకుని, ఆ సాయంత్రం నాలుగు చినుకులు పడితే ఇంట్లోనే ఉండిపోయాను. అదే డబ్బు పెట్టి కొనుంటే గొడుగు వేసుకుని వెళ్లేవాణ్ని. మీ ప్రొఫెసర్‌గారు "విలువుండదు" అంటున్నది దీని గురించే. ఆయన మాటలో సగం నిజముంది. నాటకానికి విలువ లేకపోలేదు, రాకపోతే పోయేదేమీ లేదు, అంతే. ఈ జబ్బుకు టికెట్ ఒక మందు. టికెట్ లేని మందులూ ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం "రేపు వస్తున్నారా? రాలేకపోతే సీటు వదిలేయండి" అని మెసేజ్ పెట్టి, జవాబు రానివాళ్ల పేర్లు తీసేయొచ్చు. 300 సీట్లకు 450 పేర్లు తీసుకోవచ్చు. అందరూ వచ్చేస్తే ఎలా అని టెన్షన్ పడతారేమో, ఒకవేళ వచ్చినా అది మీకు ఇప్పుడున్న కష్టం కంటే మంచి కష్టమే. ప్రదర్శనకు పది నిమిషాల ముందు రానివాళ్ల సీట్లన్నీ బయట నిలబడ్డవాళ్లకు ఇచ్చేస్తామని ముందే ప్రకటించి, ఆ మాట మీద నిలబడండి. ఒకటి రెండుసార్లు గొడవవుతుంది, తర్వాత అలవాటు పడతారు.

మరీ ముఖ్యమైనది, తొంభై మందికి 300 సీట్ల హాలు ఎందుకు? అదే తొంభై మందిని వంద కుర్చీల గదిలో కూర్చోబెడితే కిక్కిరిసినట్టుంటుంది. నటుడికి ప్రేక్షకుడి ఊపిరి వినిపిస్తుంది. నాటకానికి అంతకంటే ఏం కావాలి?

ఇక నటుల శ్రమ. ఇది తేలిగ్గా తెగేది కాదు. 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రదర్శన కళల లెక్కలు తీసి ఒక సంగతి చెప్పారు. ఫ్యాక్టరీలో యంత్రాలొస్తే ఒక మనిషి గంటలో చేసే పని పదింతలవుతుంది. కానీ సంగీతకర్త బీథోవెన్ నలుగురి కోసం రాసిన సంగీతాన్ని వాయించాలంటే ఆయన కాలంలో ఎంతమంది, ఎంతసేపు కావాల్సి వచ్చిందో ఇప్పుడూ అంతే కావాలి. ముగ్గురితో సరిపెట్టలేం, రెట్టింపు వేగంతో వాయించి తొందరగా ముగించలేం. బయట అందరి జీతాలూ పెరుగుతుంటే కళాకారుడికీ బతకడానికి అంత కావాలి, ఆయన చేసే పని మాత్రం అంతే ఉంటుంది. అందుకే ప్రత్యక్ష ప్రదర్శన రోజురోజుకీ ఖరీదవుతుంది తప్ప చౌక కాదు. చౌకగా చూపించాలంటే తేడాను ప్రభుత్వమో, యూనివర్సిటీయో, దాతలో, ఉన్న ప్రేక్షకులో ఎవరో ఒకరు పూడ్చాలి. ఎవరూ పూడ్చకపోతే కళాకారులే పూడుస్తారు, ఒకటి రెండేళ్లు. ఆ తర్వాత మానేస్తారు.

ఉచితం కోసం గట్టిగా నిలబడ్డవాళ్ల కథల్లో నాకిష్టమైనది న్యూయార్క్‌ది. జోసెఫ్ పాప్ అనే నాటక నిర్మాత అక్కడి పార్కుల్లో షేక్‌స్పియర్ నాటకాలు ఉచితంగా వేయించేవాడు. 1959లో పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ టికెట్ పెట్టి తీరాల్సిందేనన్నాడు. జనం తొక్కిడికి గడ్డి పాడవుతోంది, దాన్ని బాగుచేయడానికి డబ్బు కావాలన్నది ఆయన వాదన. మోజెస్ అంటే నగరమంతా హడలే రోజులవి. పాప్ కోర్టుకెక్కి గెలిచాడు. 1962లో సెంట్రల్ పార్కులో ఆ నాటకాల కోసమే డెలకోర్ట్ థియేటర్ వెలిసింది. మీ ప్రొఫెసర్‌గారితో వాదనకు ఈ కథ పనికొస్తుంది. కానీ రెండో సగం కూడా వినండి. పాప్ ప్రేక్షకుడి దగ్గర పైసా తీసుకోలేదు కానీ, మిగతా అందరి దగ్గరా చేయి చాచాడు. దాతలు, నగర పాలకులు, ఫౌండేషన్లు, ఎవరినీ వదల్లేదు. ఉచితంగా చూపించాలనుకున్న మనిషికి అందరికంటే ఎక్కువ డబ్బు అడగాల్సి వచ్చింది. మీరు ఎవర్నైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. పూర్వ విద్యార్థుల సంఘం, యూనివర్సిటీ సంక్షేమ నిధి, చుట్టుపక్కల వ్యాపారులు. అడగడం మీకు ఇబ్బందని అర్థమవుతోంది. ఆ సంగతి కింద మాట్లాడదాం.

ఇంకోటి, ఆ పార్కు నాటకాల ఉచిత టికెట్ల కోసం జనం గంటల తరబడి క్యూ కట్టేవాళ్లు. డబ్బు బదులు టైమ్ కట్టడమన్నమాట. పొద్దంతా పనికెళ్లే మనిషికి ఆ టైమే డబ్బు. సున్నా అని రాసినంత మాత్రాన అందరికీ సున్నా కాదు.

ఇక్కడే గేటు సంగతి. బ్రిటన్‌లో 2001 డిసెంబరులో అప్పటిదాకా రుసుం తీసుకుంటున్న జాతీయ మ్యూజియంలు కూడా ప్రవేశం ఉచితం చేశాయి. వచ్చేవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. కానీ ఎవరొస్తున్నారని చూస్తే, ఎప్పుడూ వచ్చే తరహా కుటుంబాల వాటా పెద్దగా తగ్గలేదు. అప్పటికే అలవాటున్నవాళ్లు ఇంకా ఎక్కువసార్లు వచ్చారు. అంటే అలవాటు లేనివాళ్లను ఆపుతున్నది టికెట్ ఒక్కటే కాదు. మీ దగ్గర అయితే వెతకక్కర్లేదు, ఆపుతున్నది యూనిఫాం వేసుకుని ఐడీ కార్డు అడుగుతోంది. అతని తప్పు కూడా కాదు, అతనికెవరూ చెప్పలేదు. ఎంత పెద్ద అక్షరాలతో "అందరికీ స్వాగతం" అని బ్యానర్ కట్టినా గేటు దగ్గర ఒక్కసారి ఆగిపోయిన మనిషి మళ్లీ రాడు, ఇంకో పది మందికి చెప్తాడు కూడా. కార్యక్రమం ఉన్న సాయంత్రం గేటు దగ్గర మీ వాలంటీర్ ఒకరు, చేతిలో కాగితం, "నాటకానికా? ఇటు రండి" అని ఒక మాట. యూనివర్సిటీ ఒప్పుకోకపోతే ఏదో ఒక నెల కార్యక్రమాన్ని గేటు బయట పెట్టండి. స్కూలు హాలు, గ్రంథాలయం, పార్కు, ఏదైనా సరే. మనం పిలిచి వాళ్లు రావడమే ఎందుకు, మనం కూడా వెళ్లొచ్చు.

ప్రకటన ఎక్కడ వేశారో కూడా చూసుకోండి. ఫోన్‌లో మాత్రమే వేస్తే ఆ కబురు మీ స్నేహితుల దగ్గరే చక్కర్లు కొడుతుంది. బస్టాపులో ఒక కాగితం అంటించండి. ఆ కాగితం మీద ఏం వేస్తున్నారు, ఎంతసేపు, పిల్లలను తీసుకురావచ్చా, మధ్యలో లేచి వెళ్లొచ్చా, ఈ నాలుగూ ఉండాలి. శాస్త్రీయ సంగీతమంటే చాలామందికి భయం. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియదు, నవ్వుతారేమోనని రారు. 1977లో ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన స్పిక్ మెకే అనే సంస్థ, కళాకారులను విద్యార్థుల దగ్గరకు తీసుకెళ్లి, ప్రదర్శనతో పాటు వివరించి చెప్పించే పద్ధతిని బాగా వాడుకుంది. మీరూ కచేరీకి అరగంట ముందు, పాడే కళాకారిణితోనే "ఇవాళ వినబోయేది ఇదీ" అని చెప్పించండి. ఖర్చేమీ ఉండదు.

(సినిమాలు వేద్దామన్న అబ్బాయికి ఒక మాట. చాలా దేశాల్లో సినిమాను పదిమందికీ బహిరంగంగా చూపించాలంటే, టికెట్ పెట్టకపోయినా హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. ఖర్చుండదన్నది ఆయన అనుకోవడమే.)

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను. దేనికదే కొంత ఇస్తుంది, కొంత తీసుకుంటుంది.

అంతా ఉచితంగానే ఉంచొచ్చు. పైన చెప్పినట్టు సీట్ల పద్ధతి మార్చి, కళాకారుల పారితోషికానికి బయటి నుంచి నిధి తెచ్చుకోవాలి. మీ మనసుకు దగ్గరైన దారి ఇదే. ఇబ్బందేమిటంటే ఇది మీ మీద, మీ తర్వాత వచ్చే కన్వీనర్ మీద ఆధారపడుతుంది. అడగడం ఆపిన నెల మళ్లీ ఖర్చు నటుల నెత్తిన పడుతుంది. దాతలు వచ్చాక వాళ్ల అభిరుచులూ వస్తాయి. "ఈసారి మావాడి పాట పెట్టండి" అంటారు. కాదనే ధైర్యం ఉండాలి.

అందరికీ ఒకటే చిన్న టికెట్ పెట్టొచ్చు. లెక్క సులువు, ఖాళీ కుర్చీలు తగ్గుతాయి, ప్రొఫెసర్‌గారు సంతోషిస్తారు. కానీ చిన్న మొత్తమని మనం అనుకునేది ఎవరికి చిన్నది? నెలాఖరులో హాస్టల్ పిల్లలకు చిన్నదేమీ కాదు. పైగా చిన్న టికెట్‌తో వచ్చే డబ్బు నటులకు న్యాయంగా ఇవ్వడానికి చాలదు. అంటే కొందరిని ఆపుతాం, అయినా ఎవరికీ చాలదు. నాకు అన్నిటికంటే తక్కువ నచ్చిన దారి ఇది, చాలామంది పట్టేదీ ఇదే.

చూశాక ఎవరికి తోచింది వాళ్లు వేసేలా తలుపు దగ్గర డబ్బా పెట్టొచ్చు. బాగా నడిచే రోజు బ్రహ్మాండంగా నడుస్తుంది. నాటకం కదిలిస్తే జేబు తడుముకోనివాడుండడు. వాన పడ్డ రోజు డబ్బాలో చిల్లర కూడా రాదు, నటుల కూలి వాతావరణం మీద ఆధారపడుతుంది. ఇది పెడితే రెండు జాగ్రత్తలు. డబ్బా పక్కన ఎవరూ నిలబడి చూస్తుండకూడదు. మూత మూసిన కవర్లు పెట్టాలి, ఖాళీ కవరు వేసినా తెలియకూడదు. మీ తలనొప్పి గుర్తుంది కదా, వేయలేనివాళ్లు డబ్బా ఎదురుగా రాకుండా పక్క తలుపులోంచి జారుకునే పరిస్థితి తెస్తే ఏం లాభం?

నాలుగోది చాలా పాతది. ప్రాచీన ఏథెన్స్‌లో నాటకం చూడాలంటే రెండు ఓబోల్‌లు కట్టాలి. ఓబోల్ అంటే చిన్న వెండి నాణెం. కట్టలేని పౌరులు కూడా చూడాలని, ఆ రెండు ఓబోల్‌లూ నగర ఖజానా నుంచే వాళ్లకు ఇచ్చేవారు. థియోరికాన్ అని ఆ నిధి పేరు. నాకు ఇందులో నచ్చింది, పేదవాడు వేరే తలుపులోంచి లోపలికి రాలేదు. అందరిలాగే డబ్బు కట్టి వచ్చాడు, అది ఎవరి డబ్బో పక్కవాడికి అనవసరం. మీరు కూడా ఇలా చేయొచ్చు. టికెట్‌కు మూడు ధరలు పెట్టండి. ఒకటి అసలు ఖర్చుకు సరిపోయేది, ఒకటి అందులో సగం, ఒకటి సున్నా. ఎవరు ఏది తీసుకోవాలో వాళ్లిష్టం. కార్డు చూపించక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. టికెట్ కాగితం మీద ధర వేయొద్దు, మూడూ ఒకే రంగులో ఉండాలి, మూడిటికీ ఒకే వరుసలో సీట్లు. అసలు ఖర్చు ఎంతో బయట బోర్డు మీద రాయండి. "ఈ నాటకం ఒక్కొక్కరికి చూపించడానికి మాకు ఇంత అవుతుంది, అందులో నటులకు ఇంత వెళ్తుంది" అని. చాలామందికి ఇది తెలియకే ఇవ్వరు.

దీనిలోనూ చిక్కుంది. ఉన్నవాళ్లు కూడా సున్నా తీసుకుంటారు. కొందరు తప్పకుండా తీసుకుంటారు, కారులో వచ్చి మరీ. అది చూసి మీ కమిటీలో ఒకరు "ఇకనుంచి ఆదాయ ధ్రువపత్రం అడుగుదాం" అంటారు. అడిగితే అక్కడితో అంతా పాడవుతుంది. కొందరు మోసం చేస్తారని తెలిసి ఒప్పుకోగలిగితేనే ఈ దారి పట్టండి. పైగా మొదటి రెండు మూడు నెలలు డబ్బు తక్కువే వస్తుంది, అంతవరకు యూనివర్సిటీ నిధి దన్నుగా ఉండాలి. టికెట్లు ఫోన్‌లోనే కాదు, చేతికి ఇచ్చే చోటు కూడా ఒకటి ఉండాలి. లైబ్రరీ కౌంటర్ చాలు. టీచరుగారు అడిగింది అంతే కదా!

రూమ్మేట్ నాటకాన్ని మళ్లీ వేయించే ఆలోచన ఉంటే ఆఖరి రిహార్సల్‌ను అందరికీ తెరిచిపెట్టమని ఆమెనే అడగండి. మధ్యలో ఆపుతారు, లైటు సరిచేస్తారు, ఒకే డైలాగు మూడుసార్లు చెప్పిస్తారు. అది ఉచితంగా చూపించినా ఎవరి శ్రమా అదనంగా పోదు, ఎలాగూ చేసే పనే. కొందరికి అసలు ప్రదర్శన కంటే అదే ఎక్కువ నచ్చుతుంది. నాకైతే నచ్చుతుంది.

ఇప్పుడు మీ తలనొప్పి.

ఆ రాత్రి మీ దగ్గర డబ్బు లేకపోవడం ఎంత బాధో, అది అందరికీ తెలిసిపోతుందేమోనన్నది అంతకంటే బాధ. అందుకే దుప్పటి కప్పుకున్నారు. "ఉచితం" అన్న మాటను మీరు ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం అదేనని మీరే రాశారు. కానీ సిగ్గును తీసేసే దారి సున్నా ధర ఒక్కటే కాదు. లండన్‌లో 1895లో రాబర్ట్ న్యూమన్, హెన్రీ వుడ్ మొదలుపెట్టిన ప్రామ్స్ కచేరీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అక్కడ చౌక టికెట్ నిలబడి వినేవాళ్లది. ఆ నిలబడే చోటు వేదికకు ఆనుకునే ఉంటుంది. ఎక్కువ డబ్బు పెట్టి కుర్చీలు కొన్నవాళ్లు వాళ్ల వెనక కూర్చుని వింటారు. వయొలిన్ మీద కమాను కదలడం అందరికంటే దగ్గరగా చూసేది తక్కువ కట్టినవాళ్లే. అక్కడ నిలబడటం చిన్నతనం కాదు, దాన్ని గొప్పగా చెప్పుకుంటారు కూడా. చౌక సీటంటే స్తంభం వెనకే ఉండాలన్న రూలేమీ లేదు. అది మనం పెట్టుకున్నది.

అలాగే, దాతలను అడగడానికి మీకు వస్తున్న బెరుకు కూడా ఆ దుప్పటి కిందిదే అని నా అనుమానం. మీ కోసం అడగడం లేదు మీరు. పదకొండు మందికి రావాల్సిన కూలి అడుగుతున్నారు. అలా అనుకుని ఒక్కసారి అడిగి చూడండి.

రాజీనామా చేయొచ్చు. పీజీ ఆఖరి సంవత్సరం, చదువుంది, ఎవరూ తప్పు పట్టరు. అయితే ఇప్పుడే చేస్తే "ఉచితం పెట్టి చేతులు కాల్చుకుంది" అన్నదే మిగులుతుంది. మీ తర్వాతి వాళ్లు వచ్చి పాత టికెట్ మళ్లీ పెడతారు, గేటు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంకో రెండు కార్యక్రమాలు, మీకు నచ్చిన పద్ధతిలో, లెక్కలు బోర్డు మీద పెట్టి నడిపి చూసి అప్పుడు తేల్చుకోండి. అంతవరకు ఓపిక లేదంటే, కనీసం గేటు పని పూర్తిచేసి తప్పుకోండి.

రూమ్మేట్ విషయంలో మీరు ఒక పెద్ద క్షమాపణ ఉత్తరం రాసి దిండు కింద పెట్టుకున్నారట. అది ఇవ్వకండి. ఎందుకలా జరిగిందో మీరు అందులో రెండు పేజీలు రాసుంటారు, ఆమెకు అది అక్కర్లేదు. ఖర్చుల పట్టీ తీసుకెళ్లి ఆమె మంచం మీద కూర్చోండి. ఆఖరి లైను చూపించి, "ఇక్కడ అంకె వేయడం మర్చిపోయాను, ఎంత వేయాలో నువ్వే చెప్పు" అనండి. ఆ డబ్బు ఇప్పుడు మీ దగ్గర లేకపోవచ్చు. "వచ్చే కార్యక్రమం నుంచి ముందు ఈ లైను రాసి, తర్వాతే బ్యానర్ రాస్తాను" అని చెప్పండి. ఆమె వెంటనే కరిగిపోతుందని చెప్పలేను. ఖాళీ హాల్లో దండం పెట్టడం మీరు అనుకున్నదానికంటే లోతుగా గుచ్చుకునే సంగతి. కోపంతో పెద్ద అంకె చెప్పినా రాసుకోండి.

ఇంకొకటి. టీచరుగారు ఎప్పుడూ చివరి వరుసలోనే కూర్చుంటారని, ఎంత మంచి కార్యక్రమమైనా అయిపోవడానికి పది నిమిషాల ముందే మనవరాలిని లేపుకుని వెళ్లిపోతారని మీరు ఉత్తరంలో ఒక మూల రాశారు. ఆవిడకు నచ్చడం లేదేమోనని కూడా అనుమానపడ్డారు. నచ్చకపోతే ప్రతి నెలా ఎందుకొస్తారు? ఈసారి కనిపించినప్పుడు ఆవిడ ఆఖరి బస్సు ఎన్ని గంటలకో అడగండి. నేను అనుకుంటున్నదే అయితే, వచ్చే నెల పోస్టర్ మీద టైము ఒక అరగంట ముందుకు జరపండి.